బాస్కెట్‌బాల్ సినిమా ఎంచుకునేటప్పుడు: కోర్టు బయట ఎవరికి బతుకు ఉందో చూడండి

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. స్కూల్ టీమ్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు ఒక సాయంత్రం, "పిన్నీ, బాస్కెట్‌బాల్ మీద మంచి సినిమా ఒకటి చెప్పు. అందులో అమ్మాయిలు కూడా ఆడాలి, ఊరికే చప్పట్లు కొట్టకూడదు" అంది. నేను ఈ సినిమాలు చాలా ఏళ్లుగా చూస్తున్నాను, మళ్లీ మళ్లీ చూసినవీ ఉన్నాయి. అయినా వెంటనే జవాబు రాలేదు. గుర్తొచ్చిన పేర్లలో సగానికి పైగా సినిమాల్లో అమ్మాయి గ్యాలరీలోనో, ఫోన్ అవతలి వైపో ఉంటుంది.

ఆ ప్రశ్న నాకు ఊరికే తగల్లేదు. నేనూ స్కూల్లో ఆడినదాన్నే. మాది సిమెంటు కోర్టు, రింగుకి వల ఉండేది కాదు. సాయంత్రం ఐదు దాటితే అబ్బాయిలు వస్తారని మమ్మల్ని పక్కకి జరగమనేవారు. కోర్టు ఎవరిది అనే గొడవ నాకు అక్కడే మొదలైంది. తర్వాత అమెరికన్ నగరాల కథలతో వచ్చిన బాస్కెట్‌బాల్ సినిమాలు చూసినప్పుడు కూడా నా కళ్లు స్కోరు బోర్డు కంటే ఎక్కువ ఈ గొడవనే వెతుకుతాయి.

బాస్కెట్‌బాల్‌కి నగరంతో ఉన్న బంధం తెలిసిందే. 1891లో జేమ్స్ నైస్మిత్ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటని కనిపెట్టాడు. దీనికి పెద్ద మైదానం అక్కర్లేదు, ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇరుకు వీధుల మధ్య ఒక గోడ, ఒక రింగు ఉంటే చాలు. న్యూయార్క్, షికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజిలస్ పేటల్లో ఆట అలా పాతుకుంది. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో నల్లజాతి ఆటగాళ్లు అడుగుపెట్టింది మాత్రం 1950లో, ఎర్ల్ లాయిడ్, చక్ కూపర్, నాట్ క్లిఫ్టన్‌లతో. ఈ రోజు లీగ్‌లో అత్యధికులు నల్లజాతి వాళ్లే. కాబట్టి బాస్కెట్‌బాల్ సినిమాలో నల్లజాతి ముఖాలు ఎక్కువ కనిపించినంత మాత్రాన ప్రాతినిధ్యం బాగుందని అనుకోలేం. ఆటే వాళ్లది, వాళ్లు లేకుండా ఎవరూ తీయలేరు.

నేను అడిగేది ఒకటే ప్రశ్న. బంతి కింద పెట్టి ఇంటికెళ్లాక ఆ మనిషికి సొంత బతుకు ఉందా, ఆ బతుకులో నిర్ణయం తనదేనా? చాలా సినిమాలు ఇక్కడే తప్పుతాయి. కుర్రాడికి పేదరికం ఉంటుంది, పక్క వీధిలో తుపాకీ ఉంటుంది, ఏడ్చే తల్లి ఉంటుంది. వీళ్లందరినీ గట్టెక్కించడానికి బయటి నుంచి ఒక కోచ్ వస్తాడు, చాలాసార్లు తెల్లజాతి కోచ్. కథ పేరుకి కుర్రాళ్లది, మలుపులన్నీ కోచ్‌వి. ఈ కొలతతో ఆరు సినిమాలని పక్కపక్కన పెట్టి చూశాను. ఏ ఇంటికి, ఏ వయసుకి, ఏ మూడ్‌కి ఏది సరిపోతుందో చెబుతాను. ముగింపులు మాత్రం చెప్పను.

ముందుగా నా ఎంపిక: లవ్ అండ్ బాస్కెట్‌బాల్

2000లో వచ్చిన ఈ సినిమాని జీనా ప్రిన్స్-బైథ్‌వుడ్ రాసి, తీసింది. ఆమెకి ఇదే మొదటి సినిమా. ఆమె కాలేజీలో పరుగు పందాల అథ్లెట్. ఆడపిల్ల ఒంట్లో పోటీతత్వం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి తీసిందని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. పేరున్న నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ నిర్మాణ సంస్థ దీని వెనక నిలబడింది.

కథ 1981లో లాస్ ఏంజిలస్‌లో మొదలవుతుంది. మోనికా కుటుంబం కొత్తగా ఆ వీధిలోకి వస్తుంది. పక్కింటి క్విన్సీ, అతని స్నేహితులు ఆడుతుంటే టోపీ పెట్టుకున్న మోనికా నేనూ ఆడతానంటుంది. టోపీ తీస్తే గానీ అమ్మాయి అని వాళ్లకి తెలియదు. అక్కడి నుంచి పదేళ్లకి పైగా సాగే కథని ఆటలాగే నాలుగు క్వార్టర్లుగా విడగొట్టారు.

ఇందులో నన్ను మొదట ఆకట్టుకున్నది ఆ ఇళ్లు. పచ్చిక, కారు, భోజనాల బల్ల, పిల్లల గదులు ఉన్న నల్లజాతి మధ్యతరగతి, ఎగువ మధ్యతరగతి కుటుంబాలు. క్విన్సీ తండ్రి ఎన్‌బీఏ ఆటగాడు. ఇక్కడ ఎవరూ తుపాకీకి భయపడి పరిగెత్తరు. అందువల్ల కథకి వేరే గొడవలు పట్టించుకునే తీరిక దొరికింది. తండ్రి తనకి అబద్ధం చెప్పాడని తెలిసిన కొడుకు ఏమవుతాడు? ఇంటి పనికే అంకితమైన తల్లిని చూసి కూతురు ఎందుకు చిరాకు పడుతుంది? నల్లజాతి జీవితం అనగానే కష్టాల జాబితా ఒక్కటే చూపించే అలవాటు నుంచి ఈ సినిమా అలా బయటపడింది.

రెండోది, ఒకే పనికి రెండు కొలతలు. మోనికా బుట్టలో బంతి వేసి ఉత్సాహంగా అరిస్తే పొగరు అంటారు, ప్రవర్తన బాగాలేదని టెక్నికల్ ఫౌల్ ఇస్తారు. క్విన్సీ అదే చేస్తే స్టేడియం ఊగిపోతుంది. సినిమా దీని మీద ఉపన్యాసం ఇవ్వదు, రెండు మ్యాచ్‌లు చూపిస్తుంది, అంతే. నేనైతే మొదటిసారి చూసినప్పుడు అక్కడ ఆపి మా సిమెంటు కోర్టు గురించి చాలాసేపు ఆలోచించాను.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. ఇద్దరూ ఒకే యూనివర్సిటీలో ఆడుతున్నారు, ప్రేమలో ఉన్నారు. ఒక రాత్రి క్విన్సీ ఇంటి గొడవతో బాగా దెబ్బతిని ఉంటాడు, ఆమె తనతో ఉండాలనుకుంటాడు. మోనికాకి టీమ్ కర్ఫ్యూ ఉంది, రాత్రి ఫలానా వేళకల్లా గదికి చేరాలి. దాటితే ఇన్నాళ్లు కష్టపడి దగ్గరికి తెచ్చుకున్న స్థానం పోతుంది. ఆమె లేచి వెళ్లిపోతుంది. మన సినిమాల్లో అయితే ఇక్కడ ఆమెని స్వార్థపరురాలిని చేసేవాళ్లు, లేదా ఆగిపోయేలా చేసి మంచి అమ్మాయి అనిపించేవాళ్లు. ఈ సినిమా రెండూ చేయదు. ఆమె వెళ్లడం న్యాయమే, అతనికి నొప్పి కలగడమూ నిజమే. ఆ తర్వాత ఆమె ప్రొఫెషనల్‌గా ఆడటానికి స్పెయిన్ వెళ్లాల్సి వస్తుంది. అప్పటికి అమెరికాలో ఆమె ఆడదగిన లీగ్ లేదు మరి. మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ మొదటి సీజన్ 1997లో గానీ రాలేదు. భాష రాని దేశంలో కోచ్ చెప్పేది అర్థం కాక నిలబడిన మోనికాని చూస్తే, ఉద్యోగం కోసం ఒంటరిగా దూరదేశం వెళ్లిన ఎవరికైనా ఆ మొహం పోల్చుకోగలిగేదే.

తల్లి కెమిల్‌గా ఆల్ఫ్రె వుడార్డ్ నటించింది. తల్లీకూతుళ్లు వంటింట్లో పోట్లాడుకునే సన్నివేశంలో తల్లి తను వదులుకున్న కలని బయటపెడుతుంది. అంతవరకూ మనం కూడా ఆమెని కూతురి కళ్లతోనే చూస్తూ వచ్చామని అప్పుడు తడుతుంది. ఒక్క సన్నివేశంతో తల్లి కూడా పూర్తి మనిషి అయిపోయింది.

ప్రేమకథ మరీ మెత్తగా ముగిసిందని కొందరు అంటారు. నాకు అలా అనిపించలేదు గానీ, ఆ వాదనలో కొంత బలం ఉందని ఒప్పుకుంటాను. మోనికాగా చేసిన సనా లేథన్ ఈ సినిమాకి ముందు ఆటగత్తె కాదు, నెలల తరబడి నేర్చుకుంది. నిజంగా ఆడేవాళ్లు చూస్తే ఒకటి రెండు చోట్ల ఆ తేడా తెలుస్తుంది. 2023లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ దీన్ని భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చింది. పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దలు జాగ్రత్తపడాలని చెప్పే పీజీ-13 రేటింగ్, శృంగార సన్నివేశం ఒకటుంది. పిల్లలతో చూసేవాళ్లు ముందే తెలుసుకుని కూర్చుంటే టెన్షన్ ఉండదు.

రెండు సాయంత్రాలు ఇవ్వగలిగితే: హూప్ డ్రీమ్స్

ఇది కల్పిత కథ కాదు, 1994 నాటి డాక్యుమెంటరీ. అయినా ఈ పోలికలో పెట్టాను. నగరం, ఆట, జాతి, డబ్బు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో ఇంత దగ్గరగా చూపించిన కల్పిత సినిమా నాకు ఇంకా తగల్లేదు. నిడివి మూడు గంటలకి కాస్త తక్కువ. స్టీవ్ జేమ్స్ బృందం షికాగోలో ఇద్దరు కుర్రాళ్లని, విలియం గేట్స్, ఆర్థర్ ఏజీలని, సుమారు ఐదేళ్లు వెంబడించి తీసింది.

ఇద్దరినీ శివారులో ఉన్న ఒక ప్రైవేట్ క్యాథలిక్ స్కూల్ ఆట కోసం తీసుకుంటుంది. ఎక్కువమంది తెల్లజాతి పిల్లలున్న స్కూల్ అది. రోజూ వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. ఇద్దరికీ ఫీజులో కొంత రాయితీ మాత్రమే. బాగా ఆడుతున్న విలియంకి మిగతా ఫీజు కట్టే దాత దొరుకుతుంది. ఎత్తు పెరగని ఆర్థర్‌కి దొరకదు. బాకీ పేరుకుపోతుంది, చదువు మధ్యలో ఆర్థర్ బయటికొచ్చి తన పేటలోని ప్రభుత్వ బడిలో చేరతాడు. తర్వాత పాత స్కూల్ రికార్డులు కావాలంటే ముందు బాకీ సంగతి తేల్చమంటారు.

ఈ ఘట్టం దగ్గర తెలుగువాళ్లకి ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపేసిన కాలేజీ ఆఫీసు ముందు అమ్మానాన్నలతో నిలబడ్డ పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. కౌంటర్ అవతల మాట్లాడే ఆ మర్యాద, ఇవతల ఆ తలవంపు, రెండూ అచ్చంగా అవే. ప్రాతినిధ్యం బాగా కుదిరిన సినిమా పరాయి మనుషులని చూపిస్తూనే మనల్ని మన జ్ఞాపకంలోకి తీసుకెళ్తుంది.

నాకు ఈ సినిమాలో హీరో ఆర్థర్ తల్లి షీలా. నెలకి 268 డాలర్లతో పిల్లలని ఎలా సాకుతున్నానో మీకెప్పుడైనా ఆలోచన వచ్చిందా అని ఆమె కెమెరా వైపు చూసి నేరుగా అడుగుతుంది. అడిగింది తీస్తున్నవాళ్లని, తగిలేది చూస్తున్న మనకి. కొంతకాలానికి ఆమె నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు పూర్తి చేస్తుంది, తరగతిలో అందరికంటే మంచి మార్కులతో. ఆ పట్టా ఇచ్చే గదిలో జనం పెద్దగా లేరు. స్టేడియంలో వేలమంది కేకలు చూపించిన కెమెరాయే ఈ ఖాళీ కుర్చీల మధ్య ఆమె కన్నీళ్లు కూడా చూపించింది. బాస్కెట్‌బాల్ సినిమాలో బాస్కెట్‌బాల్ లేని ఈ సన్నివేశమే నాకు శిఖరం.

ఒక ఇబ్బంది చెప్పాలి. తీసిన ముగ్గురు ముఖ్యులూ తెల్లజాతి వాళ్లు. నల్లజాతి కుటుంబం కరెంటు లేక చీకట్లో కూర్చుంటే తెల్లవాళ్ల కెమెరా చూస్తూ ఉండటం సబబేనా అన్న ప్రశ్న వేసుకోవాల్సిందే. నా వరకు సమాధానం ఇలా కుదిరింది. వాళ్లు ఒక వారం వచ్చి వెళ్లినవాళ్లు కాదు, ఏళ్ల తరబడి ఉన్నారు. షీలా తమని నిలదీసిన మాటని కత్తిరించకుండా ఉంచారు. సినిమాకి వచ్చిన డబ్బులో ఆ కుటుంబాలకీ వాటా ఇచ్చారు. ఆస్కార్ వాళ్లు దీన్ని డాక్యుమెంటరీ విభాగంలో నామినేట్ కూడా చేయలేదు, ఎడిటింగ్‌కి మాత్రం చేశారు. దాని మీద లేచిన గొడవతో ఆ విభాగం ఎంపిక పద్ధతినే తర్వాత మార్చాల్సి వచ్చింది.

పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు ఒక్కరే కూర్చుని చూడలేరు, విసుగొస్తుంది. పక్కన పెద్దవాళ్లు ఉండి అప్పుడప్పుడు ఆపి మాట్లాడితే మాత్రం వాళ్లు అడిగే ప్రశ్నలు మనల్నే ఆశ్చర్యపరుస్తాయి.

ఇంట్లో అందరూ ఒప్పుకునేది: కోచ్ కార్టర్

మన ఇళ్లలో ఈ సినిమాకి అడ్డు చెప్పేవాళ్లు ఉండరు. కారణం తేలికే. చదువు ముందు, ఆట తర్వాత అనే మాట ఉంది కదా. 2005లో థామస్ కార్టర్ తీశాడు, శామ్యూల్ ఎల్. జాక్సన్ కోచ్. ఆధారం నిజంగా జరిగిన సంగతి. 1999లో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ హైస్కూల్‌లో కోచ్ కెన్ కార్టర్ ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోని తన టీమ్‌ని జిమ్‌లోకి రానివ్వకుండా తాళం వేశాడు. పిల్లలు సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం సగటు గ్రేడు నాలుగుకి 2.3 కంటే తగ్గకూడదు, తరగతిలో ముందు వరసలో కూర్చోవాలి, మ్యాచ్ రోజు టై కట్టుకోవాలి. కొందరు మాట తప్పారు, కాబట్టి అందరికీ ఆట బంద్.

పైన చెప్పిన "కాపాడే కోచ్" కథే ఇది. కానీ ఇక్కడ కోచ్ అదే స్కూల్లో చదివి, అదే కోర్టులో ఆడిన నల్లజాతి మనిషి. దర్శకుడూ నల్లజాతివాడే. ఆ తేడా మాటల్లో తెలుస్తుంది. తన పిల్లలతో గట్టిగా మాట్లాడుతున్న ఇంటి పెద్దలా ఉంటాడు, జాలిపడి వచ్చిన అతిథిలా ఉండడు. టీమ్‌లో నల్లజాతి, లాటినో, తెల్లజాతి కుర్రాళ్లు కలిసి ఉంటారు. రిక్ గొంజాలెజ్ చేసిన టిమో క్రూజ్ వీధికీ కోర్టుకీ మధ్య నలిగే కుర్రాడు, అందరికంటే బాగా గుర్తుండిపోతాడు. స్కూల్ ప్రిన్సిపాల్ నల్లజాతి మహిళ. ఆమెకి కోచ్‌తో పేచీ ఉంటుంది, ఆ పేచీకి తగిన కారణాలూ ఉంటాయి.

కొరత అంతా కుర్రాళ్ల ఇళ్లలో. ఒకరిద్దరిని మినహాయిస్తే ఎవరి ఇల్లూ మనకి సరిగ్గా తెలియదు. కైరా అనే అమ్మాయి గర్భవతి అవుతుంది, ఏం చేయాలో తనే నిర్ణయించుకుంటుంది. అది మెచ్చుకోదగ్గదే. ఆమె ఏం చదువుతోంది, ఏమవ్వాలనుకుంటోంది అన్నది మాత్రం సినిమాకి పట్టలేదు.

ఇంకో మాట తల్లిదండ్రులకి. ఈ సినిమా చూపించి "చూశావా, చదువే ముఖ్యం" అని పిల్లలకి క్లాసు పీకడానికి వాడుకోకండి. గ్రౌండ్ కూడా లేని జూనియర్ కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే పిల్లలకి ఆ మాట ఇప్పటికే చాలాసార్లు చెప్పేశాం. కార్టర్ ఆటని తీసేయలేదు, ఆటతో పాటు వచ్చే గౌరవాన్ని చదువుకి కూడా ఇప్పించాడు. మన పిల్లల విషయంలో లోటు ఆట వైపున ఉంది.

పెద్దవాళ్లకి, తండ్రీకొడుకుల మంట కోసం: హి గాట్ గేమ్

స్పైక్ లీ 1998లో తీసిన ఈ సినిమా న్యూయార్క్ కోనీ ఐలాండ్‌ది. దేశంలో అందరూ వెంటపడుతున్న హైస్కూల్ ఆటగాడు జీసస్. అతని తండ్రి జేక్ జైల్లో ఉన్నాడు, భార్య చావుకి కారణమైన నేరానికి. కొడుకుని ఫలానా యూనివర్సిటీలో చేరడానికి ఒప్పిస్తే శిక్ష తగ్గిస్తామని జేక్‌ని వారం రోజులు బయటికి పంపుతారు. డెంజెల్ వాషింగ్టన్ తండ్రి, అప్పట్లో మిల్వాకీ బక్స్‌కి ఆడుతున్న రే ఆలెన్ కొడుకు. ఇద్దరూ ఎదురెదురుగా ఆడే చివరి ఆటలో స్క్రిప్ట్ ప్రకారం డెంజెల్‌కి ఒక్క పాయింటూ రాకూడదట, ఆయన నిజంగానే బుట్టలు వేసేశాడు. రే ఆలెన్ మొహంలో కనిపించే ఆ ఉలికిపాటు నటన కాదు.

నా ప్రశ్నకి ఈ సినిమా సగం గొప్పగా జవాబిస్తుంది. ఒక నల్లజాతి కుర్రాడి ఒంటి మీద ఎంతమంది లెక్కలు వేసుకుంటారో, బంధువు, కోచ్, ఏజెంట్, కాలేజీలు, చివరికి గవర్నర్ దాకా, ఒక్కొక్కరినీ చూపిస్తుంది. ఇంతమంది లాగుతున్నా సంతకం పెట్టే చెయ్యి మాత్రం అతనిదే. సంగీతంలో ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీ పాటలు, ఆరన్ కోప్‌లాండ్ వాద్యగోష్ఠి కలిసి వస్తాయి. పేటలోని ఆటని అమెరికా అసలు సంగీతంతో కలిపి చూపించడం స్పైక్ లీ ధైర్యం.

రెండో సగం నిరాశే. ఆడవాళ్లలో ఒకరు మోసం చేసే ప్రియురాలు, ఒకరు దెబ్బలు తినే వేశ్య, ఒకరు చనిపోయిన తల్లి. చెల్లెలు మేరీ ఒక్కతే కాస్త ఊపిరి ఉన్న పాత్ర. జాతి విషయంలో అంత చూపున్న దర్శకుడికి ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ చూపు లేకపోవడం నాకు బాధనిపిస్తుంది. రేటింగ్ ఆర్, పిల్లలతో చూసేది కాదు. లవ్ అండ్ బాస్కెట్‌బాల్‌ని ఇదే స్పైక్ లీ సంస్థ రెండేళ్లకి నిర్మించింది కాబట్టి, ఈ రెండూ వరసగా చూస్తే ఒకదానిలో లేనిది ఇంకోదానిలో దొరుకుతుంది.

నవ్వుకోవాలంటే, పాతదా కొత్తదా: వైట్ మెన్ కాంట్ జంప్

ఈ పేరుతో రెండు సినిమాలున్నాయి. 1992 నాటిది రాన్ షెల్టన్ తీసింది, వెస్లీ స్నైప్స్, వుడీ హారెల్సన్ ఉన్నది. 2023 నాటిది కాల్మాటిక్ తీసింది, సింకా వాల్స్, జాక్ హార్లో ఉన్నది. పాతదే చూడండి.

తెల్లవాడికి ఆట రాదనే నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని ఇద్దరు మోసగాళ్లు లాస్ ఏంజిలస్ కోర్టుల్లో పందేలు కాసి డబ్బు గుంజుతారు. జాతి మీద ఉన్న మూఢనమ్మకమే వాళ్ల పెట్టుబడి. నవ్విస్తూనే అందరి తలలో ఉన్న లెక్కలని బయటికి లాగుతుంది. దీనికి ప్రాణం రోజీ పెరెజ్ చేసిన గ్లోరియా. ప్యూర్టో రికో మూలాలున్న బ్రూక్లిన్ అమ్మాయి. టీవీ క్విజ్ షోకి వెళ్లాలని రాత్రింబవళ్లు పుస్తకాలు బట్టీ పడుతుంది. ప్రియుడు నవ్వుతాడు, ఆమె పట్టించుకోదు. క్యూ అక్షరంతో మొదలయ్యే తిండి పదార్థాల ప్రశ్నల దగ్గర ఆమె ఎలా చెలరేగుతుందో చూడాల్సిందే. స్నైప్స్ చేసిన సిడ్నీ భార్య రోండాకి కూడా ఒక పట్టుదల ఉంది, ఆ అపార్ట్‌మెంట్ వదిలి మంచి పేటలో ఇల్లు కొనాలని. మగవాళ్లు బంతితో గొడవపడుతుంటే ఈ ఇద్దరాడవాళ్లు కూర్చుని డబ్బు లెక్క తేలుస్తారు.

కొత్తదాన్ని తీసింది నల్లజాతి దర్శకుడు. అయినా అందులో గ్లోరియాతో సాటి వచ్చే ఆడపాత్ర లేదు. కెమెరా వెనక ఎవరున్నారన్నది ముఖ్యమే గానీ, పాత్ర రాసే ఓపిక లేకపోతే అది ఒక్కటే సినిమాని నిలబెట్టదు. పాతది కూడా ఆర్ రేటింగే, బూతులు బాగా ఎక్కువ.

అమెరికాలో పిల్లలని పెంచుతున్న తెలుగు ఇళ్లకి: బూగీ

2021 నాటి సినిమా, న్యూయార్క్ క్వీన్స్‌లోని ఫ్లషింగ్ నేపథ్యం. ఎడ్డీ హువాంగ్ మొదటి దర్శకత్వం. తైవాన్ మూలాలున్న కుటుంబంలో పుట్టిన కుర్రాడికి బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ కావాలి. అమ్మకి డబ్బు భయం, నాన్నకి కొడుకులో తన గెలుపు చూసుకోవాలని తపన. ఇంట్లో అమ్మానాన్నలు పోట్లాడుకునే తీరు, కొడుకు భవిష్యత్తు మీద బేరం, ఇవన్నీ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల ఇళ్లలోకి తొంగిచూసినట్టే ఉంటాయి. ఆసియా మొహం ఉన్నవాడు కోర్టులోకి దిగితే ఎదుటివాళ్లు ముందే తక్కువ అంచనా వేసే సంగతీ ఉంది. ఆ చరిత్ర పొడవైనదే. 1947లో న్యూయార్క్ నిక్స్‌కి ఆడిన జపనీస్ అమెరికన్ వాటారు మిసాకాకి దక్కినవి మూడే మ్యాచ్‌లు. 2012 ఫిబ్రవరిలో అదే టీమ్‌కి ఆడిన తైవాన్ మూలాల జెరెమీ లిన్ దేశాన్ని ఊపేసేదాకా చాలామంది మిసాకా పేరు కూడా వినలేదు.

కానీ సినిమాగా ఇది బలహీనం. ఆసియా కుర్రాడికి పూర్తి ఇల్లు ఇచ్చి, అతని ప్రత్యర్థి అయిన నల్లజాతి ఆటగాడికి ఏ ఇల్లూ ఇవ్వలేదు. ఆ పాత్ర వేసిన ర్యాపర్ పాప్ స్మోక్ సినిమా విడుదలకి ఏడాది ముందే చనిపోయాడు, అదే అతని మొదటి, చివరి సినిమా. తెర మీద అతను కనిపించిన ప్రతిసారీ ఇతని ఇంట్లో ఎవరుంటారో అని నాకు అనిపించింది. ఒక జాతికి న్యాయం చేయబోయి ఇంకో జాతిని అడ్డుగోడలా నిలబెట్టకూడదు కదా. అమ్మానాన్నల సన్నివేశాల కోసం పదహారు, పదిహేడేళ్ల పిల్లలతో కూర్చుని చూడొచ్చు, ఆర్ రేటింగ్ అని గుర్తుంచుకుని.

ఎవరికి ఏది

ఆడపిల్ల ఆడుతున్న ఇల్లయితే రెండో ఆలోచన లేకుండా లవ్ అండ్ బాస్కెట్‌బాల్. పదీ పన్నెండేళ్ల పిల్లల నుంచి తాతయ్య దాకా అందరూ కూర్చోవాలంటే కోచ్ కార్టర్. చదువు, ఫీజులు, స్కాలర్‌షిప్‌ల మధ్య ఆట ఏమైపోతుందో నిజంగా తెలుసుకోవాలంటే హూప్ డ్రీమ్స్, అందులోనూ టీచర్లు, పీఈటీలు తప్పక చూడాలి. పిల్లలు పడుకున్నాక ఒక గట్టి డ్రామా కావాలంటే హి గాట్ గేమ్. స్నేహితులతో శనివారం రాత్రికి 1992 నాటి వైట్ మెన్ కాంట్ జంప్. బూగీని చివరికి ఉంచుతాను, ప్రవాస కుటుంబాలకి మాత్రం ఒక మెట్టు పైకి జరుపుతాను.

అరగంట కూడా లేదంటే 2021 నాటి ద క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్ అనే చిన్న డాక్యుమెంటరీ ఉంది, ఇరవై రెండు నిమిషాలు. నగరం కథ కాదు, మిసిసిపీ పల్లెలో పుట్టిన లూసియా హారిస్‌ది. 1976 ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ చరిత్రలోనే మొదటి బుట్ట వేసిన మనిషి. మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక ఎన్‌బీఏ టీమ్ ఆమెని ఎంచుకుంది. ఆ సంగతులు ఆమే కెమెరా ముందు కూర్చుని, నవ్వుతూ చెబుతుంది. ఈ సినిమాకి ఆస్కార్ వచ్చేసరికి ఆమె లేదు.

అన్నిటికీ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, వీధి యాస వేగంగా ఉంటుంది. ఓటీటీల్లో ఇవి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుంటాయి కాబట్టి పేరుతో వెతుక్కోవడమే మేలు.

మా అక్క కూతురికి ముందు లూసియా హారిస్‌ని చూపించాను, మర్నాడు మోనికాని. కర్ఫ్యూ సన్నివేశం దగ్గర రిమోట్ తీసుకుని ఆపింది. "వెళ్లిపోవడం కరెక్టే కదా పిన్నీ?" అని అడిగింది. నువ్వయితే ఏం చేసేదానివి అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఐదున్నరకి ప్రాక్టీసుకి దింపమని నన్నే లేపింది.